ప్రసిద్ధ క్రీడాకారుల ఇంటి కష్టాలను చూపే డాక్యుమెంటరీలు: హాస్టల్ పిల్లలకు పూర్తిగా చూపించవచ్చా?

ప్రశ్న: టవర్ క్లాక్ (అనంతపురం)

అందరికీ నమస్కారం. నేను అనంతపురం జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. పాఠశాలను ఆనుకొని ఉన్న హాస్టల్లో నలభై మంది దాకా అబ్బాయిలు ఉంటారు. వారిలో సగానికి పైగా ఫుట్‌బాల్ ఆడేవారే. ఆదివారం సాయంత్రం, వంటమనిషి సంగటి కెలికే వేళకు, భోజనాల గదిలో గోడకు తెల్ల దుప్పటి కట్టి, ప్రొజెక్టర్ పెట్టి, ఏదో ఒక క్రీడా డాక్యుమెంటరీ చూపించడం రెండేళ్లుగా అలవాటు చేసుకున్నాను. మాటలు ఇంగ్లీషులోనో మరో భాషలోనో ఉంటాయి కాబట్టి పక్కన నిలబడి నేనే తెలుగులో చెబుతూ ఉంటాను.

మొన్నటి ఆదివారం ఆసిఫ్ కపాడియా దర్శకత్వంలో 2019లో వచ్చిన ‘డీగో మారడోనా’ పెట్టాను. 500 గంటలకు పైబడిన పాత ఫుటేజీ నుంచి ఏరి కూర్చిన చిత్రం అది. 1984లో మారడోనా బార్సిలోనా నుంచి ఇటలీలోని నేపుల్స్ నగరపు జట్టు నాపోలికి రావడం, ఆ ఊరి జనం ఆయనను దేవుడిని చేసి కొలవడం, 1991లో కొకైన్ పరీక్షలో దొరికి 15 నెలల నిషేధంతో ఆయన ఆ ఊరు విడిచిపోవడం అందులో ముఖ్యమైన కథ. 1986 ప్రపంచకప్పులో ఇంగ్లండ్ మీద, సగం మైదానం దూరం ఒక్కడే బంతిని నడిపించుకుంటూ పోయి వేసిన గోలు వచ్చినప్పుడు మా పిల్లలు బెంచీలెక్కి అరిచారు. ఆ సంబరం నుంచి పిల్లలు ఇంకా తేరుకోకముందే, అదే ఏడాది సెప్టెంబరులో నేపుల్స్‌లో పుట్టిన ఒక మగబిడ్డ సంగతి వచ్చింది. బిడ్డ తల్లి టీవీ ముందుకు వచ్చి తండ్రి మారడోనా అని చెప్పింది. తండ్రి కాదన్నాడు.

ముందు వరుసలో కూర్చున్న పదిహేనేళ్ల అబ్బాయి ఒకడు, “సార్, ఆ పిల్లోడు ఏం తప్పు చేసినాడని వాళ్ల నాయన నా కొడుకు కాదంటాడు?” అని అడిగాడు. వాడి తండ్రి బెంగళూరుకు పనికి వెళ్లి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకుని, నాలుగేళ్లుగా ఊరి ముఖం చూడలేదు. ఆ సంగతి నాకు తెలిసి కూడా, “అది మనకెందుకు, ఆట చూడండి” అని చెప్పి రిమోట్ నొక్కి ముందుకు జరిపేశాను. ఆ అబ్బాయి తన తెల్ల బనియను వీపు మీద మార్కర్ పెన్నుతో మారడోనా చొక్కా మీది పది అంకె రాసుకుని ఏడాదిగా అదే తొడుక్కుని ఆడుతున్నాడు. సోమవారం పొద్దున దాన్ని తిరగేసి తొడుక్కుని మైదానానికి వచ్చాడు. చెమటకు తడిసిన గుడ్డలోంచి ఆ అంకె ముందు సున్నా, తర్వాత ఒకటిగా కనిపిస్తూనే ఉంది. దాన్ని చూసినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు.

ఇలాంటి చిత్రాల్లో ఆటను మాత్రమే చూపించి తక్కినది కత్తిరించడం సరైన పనేనా, లేక అంతా చూపించి ఆ తర్వాత మాట్లాడించాలా? ఈ మధ్య క్రీడాకారుల జీవితాల మీద చిత్రాలు కుప్పలుగా వస్తున్నాయి, వాటిలో ఏది ఉన్నది ఉన్నట్టు చెబుతోంది, ఏది ఆటగాడి పేరు కాపాడడానికి తీసింది అని పోల్చుకోవడం ఎలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని అడుగుతున్నాను.

జవాబు 1: గండికోట (కడప)

సార్‌కు నమస్కారం. నేను ఉపాధ్యాయురాలిని కాను. పదమూడేళ్ల అమ్మాయికి తల్లిని. మా పాప 400 మీటర్లు పరుగెత్తుతుంది. మా ఆయన కువైట్‌లో ఉంటారు. పాప పరుగెత్తే వీడియో రోజూ సాయంత్రం తీసి ఆయనకు పంపించడం, ఆయన అక్కడి నుంచి టైము ఎంత వచ్చిందని అడగడం మా ఇంట్లో దినచర్య.

పోయిన వేసవిలో ‘టైగర్’ అనే డాక్యుమెంటరీ చూశాను. గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ గురించి 2021లో రెండు భాగాలుగా వచ్చింది. ఆయన దానికి ఏ సహకారమూ ఇవ్వలేదు. మాట్లాడినవారిలో చాలామంది ఆయన చుట్టూ ఒకప్పుడు మసలినవారే. 2009 నవంబరులో అర్ధరాత్రి ఇంటి ముందు కారు గుద్దుకోవడం, ఆ వెనుకే ఆయన వివాహేతర సంబంధాలు ఒక్కొక్కటిగా పత్రికలకెక్కడం, మరుసటి ఫిబ్రవరిలో టీవీ ముందు నిలబడి క్షమాపణ చెప్పడం, ఆగస్టుకు విడాకులు కావడం, ఇవన్నీ నేను వార్తల్లో చూసినవే కాబట్టి అంతగా కదిలించలేదు. నన్ను కదిలించింది మొదటి భాగం. సైన్యంలో పనిచేసి వచ్చిన తండ్రి తన కొడుకును నడక వచ్చీరాని వయసులోనే కర్ర పట్టించి తయారుచేస్తాడు. 1978లో, ఇంకా మూడేళ్లు నిండని ఆ పసివాడు టీవీ కార్యక్రమంలో బంతి కొడుతుంటే పెద్దవాళ్లంతా చప్పట్లు కొడతారు. నేను అక్కడ ఆపేశాను. వాడి ముఖం చూడమని మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను.

ఇంకొక చోట, టైగర్ చదువుకునే రోజుల్లో స్నేహం చేసిన అమ్మాయి మాట్లాడుతుంది. తండ్రికి పరాయి ఆడవాళ్లతో సంబంధాలున్నాయని తెలిసి అతను ఎంతగా ఏడ్చేవాడో ఆమె చెబుతుంది. తండ్రి చేసిన పనికి కుమిలిపోయిన పిల్లవాడే పెద్దయ్యాక అదే పని చేశాడు. మీ హాస్టల్ అబ్బాయి అడిగిన ప్రశ్న దీనికి దగ్గరగా ఉందనిపించి ఇంత రాస్తున్నాను. ఆ పిల్లవాడికి మీరు చిత్రం ఆపినంత మాత్రాన వాడి ఇంట్లో జరిగింది ఆగిపోలేదు కదా సార్. పైగా, మనం ముందుకు జరిపేసినప్పుడు, ఇది నోరెత్తి మాట్లాడకూడని సంగతి అని వాడికి మనమే చెప్పినట్టయింది.

ఒక్క మాట మాత్రం చెబుతాను. ఇలాంటివి పిల్లలకు చూపించే ముందు పెద్దవాళ్లు ఒకసారి ఒంటరిగా చూడాలి. పిల్లలకు భయం చెప్పడానికి కాదు, మనం పిల్లల చేత ఏం చేయిస్తున్నామో మనకు తెలియడానికి. ఆ చిత్రం చూసిన తర్వాత వారానికి రెండు రోజులు పాపను వీడియో తీయడం మానేశాను. ఆ రెండు రోజులూ అది మైదానంలో నేస్తులతో ఊరికే ఆడుకుని, ఒంటినిండా ఎర్రమట్టితో ఇంటికి వస్తుంది. టైము ఎంతని మా ఆయన కూడా అడగడం లేదు.

జవాబు 2: కొండారెడ్డి బురుజు (కర్నూలు)

మీ రెండో ప్రశ్నకు, అంటే ఏ చిత్రాన్ని నమ్మాలి అన్నదానికి, నాకు తోచిన జవాబు చెబుతాను. నేను కర్నూలులో ఇరవై రెండేళ్లుగా న్యాయవాదిగా ఉన్నాను. చేతికి వచ్చేవి ఎక్కువగా కుటుంబ తగాదాలే. ఏ కేసు కట్ట విప్పినా ముందు నేను చూసేది సాక్షుల జాబితా. డాక్యుమెంటరీలోనూ అదే చూస్తాను. కెమెరా ముందు ఎవరు కూర్చున్నారు, ఎవరు రామన్నారు, ఎవరిని అసలు పిలవలేదు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అన్నవి తెలిస్తే ఆ చిత్రం ఎటు మొగ్గుతుందో సగం అర్థమవుతుంది.

2020లో పది భాగాలుగా వచ్చిన ‘ద లాస్ట్ డాన్స్’ తీసుకోండి. 1997–98 సీజన్‌లో చికాగో బుల్స్ బాస్కెట్‌బాల్ జట్టు వెంట తిరిగిన కెమెరా బృందం తీసిన దృశ్యాలు, మైఖేల్ జోర్డాన్ ఒప్పుకునేదాకా దాదాపు ఇరవై ఏళ్లు బయటికి రాలేదు. చివరకు నిర్మాణంలో జోర్డాన్ సొంత సంస్థకు కూడా చోటు దక్కింది. ఆయన జూదం గురించి అడిగారు, 1993లో ఆయన తండ్రి హత్యకు గురైన విషాదాన్ని చూపించారు, తోటి ఆటగాళ్లను ఎంత కఠినంగా మాట్లాడేవారో కూడా దాచలేదు. అయినా, ఆయనతో పదిహేడేళ్లు కాపురం చేసిన మొదటి భార్య ఆ పది భాగాల్లో ఎక్కడా మాట్లాడదు. పిల్లలు చివరి భాగంలో కాసేపు కనిపించి వెళ్లిపోతారు. పక్కన నిలిచి ఆడిన స్కాటీ పిపెన్, ఆ చిత్రంలో తమకు తగిన విలువ ఇవ్వలేదని ఆ తర్వాత తన పుస్తకంలో రాసుకున్నారు. చూడదగిన చిత్రమే, నేను రెండుసార్లు చూశాను, కానీ అది జోర్డాన్ తన గురించి ఇచ్చుకున్న వాంగ్మూలం అని గుర్తుపెట్టుకుని చూడాలి.

దీనికి ఎదురుగా ఎజ్రా ఎడెల్‌మన్ తీసిన ‘ఓజే: మేడ్ ఇన్ అమెరికా’ను పెట్టి చూడండి. నిడివి 467 నిమిషాలు, 2017లో ఉత్తమ డాక్యుమెంటరీగా ఆస్కార్ వచ్చింది. ఓజే సింప్సన్ 1973లో, అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్క సీజన్‌లో రెండు వేల గజాలకు పైగా పరుగెత్తిన మొదటి ఆటగాడు, ఆ తర్వాత జంట హత్యల కేసులో నిందితుడు. ఆ చిత్రం తీసేనాటికి ఆయన వేరే నేరానికి జైలులో ఉన్నారు. పోలీసులు, జ్యూరీ సభ్యులు, ఇరుపక్షాల న్యాయవాదులు, చిన్ననాటి స్నేహితులు, చనిపోయిన యువకుడి తండ్రి, ఇంతమంది వచ్చి మాట్లాడారు.

1994 జూన్ 12న మాజీ భార్య నికోల్, ఆమెకు తెలిసిన యువకుడు హత్యకు గురయ్యారు. 1995 అక్టోబరు 3న జ్యూరీ సింప్సన్‌ను నిర్దోషి అన్నది. 1997లో సివిల్ కోర్టు ఆ మరణాలకు ఆయనే బాధ్యుడని తేల్చి 3.35 కోట్ల డాలర్ల పరిహారం చెల్లించమన్నది. ఒకే ఘటన మీద రెండు తీర్పులేమిటని చాలామంది అడుగుతారు. క్రిమినల్ కేసులో సహేతుకమైన సందేహానికి తావు లేకుండా నేరాన్ని రుజువు చేయాలి, సివిల్ దావాలో ఏ పక్షపు సాక్ష్యం ఎక్కువ బరువు తూగితే ఆ పక్షానికి తీర్పు వస్తుంది, మన దేశంలోనూ ఇంతే.

అయితే నన్ను పట్టుకున్నది ఆ తీర్పులు కావు, హత్యలకు ఐదేళ్ల ముందు జరిగిన సంగతి. 1989 కొత్త సంవత్సరం నాటి తెల్లవారుజామున నికోల్ దెబ్బలు తిని పోలీసులను పిలిపించుకుంది. కమిలిన ఆమె ముఖాన్ని ఫొటోలు తీసి ఫైలులో పెట్టారు. సింప్సన్ ఆ అభియోగాన్ని ఎదిరించలేదు. జరిమానా, సమాజసేవ వేసి వదిలేశారు, ఒక్క రోజు జైలు లేదు. ఆ ఏడాదే ఒక పెద్ద టీవీ సంస్థ ఆయనను ఆట విశ్లేషకుడిగా పెట్టుకుంది. ఆ ఫొటో తెర మీదికి వచ్చినప్పుడు నేను ఇంకెక్కడికో వెళ్లిపోయాను. కొన్నేళ్ల కిందట ఒక అమ్మాయి నా ఆఫీసుకు వచ్చింది. భర్త పక్క మండలంలో పేరున్న కబడ్డీ ఆటగాడు. ఆమె కుర్చీలో కూర్చోకుండా, పైట కొంగు ఎడమ దవడ మీదికి లాక్కుని, నిలబడే మాట్లాడింది. పంచాయితీలో పెద్దలు, “వాడు ఊరికి కప్పు తెచ్చినోడు, కేసు పెడితే ఊరి పరువు పోతుంది, నువ్వే సర్దుకోమ్మా” అన్నారట. 2005 నాటి గృహహింస చట్టం కింద పిటిషన్ రాసి పెట్టాను. సంతకం చేయడానికి ఆమె మళ్లీ రాలేదు.

కాబట్టి మీ పిల్లలకు చూపించండి అనే నా సలహా. ఎనిమిది గంటల చిత్రం వాళ్లకు ఎక్కువ, అందులో నెత్తుటి ఫొటోలు కూడా ఉన్నాయి, అది పెద్ద పిల్లలకే. కానీ ఏ చిత్రం చూపించినా సరే, అందులో ఎవరి మాట వినిపించలేదో వాళ్ల చేతే చెప్పించండి. అది మీరు చెప్పే పది మాటల కంటే వాళ్ల మనసుకు పడుతుంది.

జవాబు 3: తిమ్మమ్మ మర్రి

పై ఇద్దరితో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఆటగాడు మనకు బాకీ పడింది ఆట ఒక్కటే, తన ఇంటి కన్నీళ్లు కాదు. 2021లో ఫార్ములా వన్ డ్రైవర్ మైఖేల్ షుమాకర్ మీద వచ్చిన డాక్యుమెంటరీలో ఆయన భార్యాపిల్లలే మాట్లాడారు, ఏడుసార్లు ప్రపంచ విజేత అయిన మనిషి గురించి ఎంతో చెప్పారు. 2013 డిసెంబరులో మంచు కొండ మీద స్కీయింగ్ చేస్తూ తలకు దెబ్బ తగిలిన తర్వాత ఆయన ఎలా ఉన్నారో మాత్రం ఒక్క దృశ్యంలోనూ చూపించలేదు. ఇంటి సంగతి ఇంట్లోనే ఉండాలన్నది ఆయన పట్టుదల, దాన్ని ఇప్పుడు మేము కాపాడుతున్నాము అన్నది భార్య మాటల సారాంశం. నాకు ఆ చిత్రం ఏ లోటూ లేకుండానే కనిపించింది. దెబ్బలు కొట్టడం, మోసం చేయడం వేరు, అవి బయటపడాల్సిందే, న్యాయవాది గారి మాట కాదనను. కానీ జబ్బు, దిగులు, విడిపోవడం లాంటివి కూడా మనం తీరిక వేళ కూర్చుని చూసే వస్తువులైపోతున్నాయని నా బాధ.

జవాబు 4: పెన్నా ఇసుక (అనంతపురం)

నేను టెన్నిస్ నేర్పిస్తాను. మన అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ) ఆవరణలో రఫెల్ నాదల్ ఫౌండేషన్ వారి టెన్నిస్ బడి 2010 అక్టోబరులో మొదలైంది, నాదల్ స్వయంగా వచ్చి ప్రారంభించారు. ఆ రోజు నుంచి ఈ ఊరి పిల్లలకు నాదల్ అంటే అలసట ఎరగని మనిషి. కానీ అంతకు ముందటి సంవత్సరమే ఆయన ఇల్లు విరిగిపోయింది. 2009లో తల్లిదండ్రులు విడిపోతున్నారని తెలిసి తాను లోలోపల ఎంత కుంగిపోయిందీ, మోకాళ్ల నొప్పికి తోడు అది కూడా తనను ఎలా పడగొట్టిందీ ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ ఏడాదే, ఫ్రెంచ్ ఓపెన్ పోటీల్లో వరుసగా 31 మ్యాచ్‌లు గెలిచిన పారిస్ మట్టి మీద, మొట్టమొదటిసారి, స్వీడన్ ఆటగాడు సోడర్లింగ్ చేతిలో ఓడిపోయారు. నేను ఈ సంగతి పిల్లలకు చెప్పిన రోజు, ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి ప్రాక్టీసు అయిపోయాక బంతులు ఏరడానికి ఉండిపోయింది. ఇంటి సంగతులు అరగంట చెప్పింది. నేను మధ్యలో ఏమీ అనకుండా బుట్ట పట్టుకుని వెంట నడిచాను.

తిమ్మమ్మ మర్రి గారి ఆవేదన నాకు అర్థమైంది, కానీ దిగులు విషయంలో నేను వేరుగా ఆలోచిస్తాను. ఆటగాడే నోరు తెరిచి తన దిగులు చెప్పినప్పుడు అది మనం తొంగి చూసినట్టు కాదు. 2020లో వచ్చిన ‘ద వెయిట్ ఆఫ్ గోల్డ్’లో మైఖేల్ ఫెల్ప్స్ స్వయంగా మాట్లాడతారు. 28 ఒలింపిక్ పతకాలు, అందులో 23 స్వర్ణాలు గెలిచిన ఈతగాడు, ప్రతి ఒలింపిక్స్ తర్వాత తనను దిగులు కమ్మేసేదని, బతుకు మీదే ఆశ పోయిన రోజులున్నాయని చెబుతారు. మన అభినవ్ బింద్రా కూడా 2008 బీజింగ్ స్వర్ణం తర్వాత తనను ఆవరించిన శూన్యం గురించి బహిరంగంగా మాట్లాడారు. నాలుగేళ్లు ఒకే ఒక్క రోజు కోసం బతికిన మనిషికి ఆ రోజు గడిచిపోయిన మర్నాడు పొద్దున లేచి ఏం చేయాలో తెలియదు. గెలిచినా అంతే, ఓడినా అంతే. ఇది జిల్లా స్థాయి సెలెక్షన్స్‌కు వెళ్లి వచ్చిన పిల్లల్లో కూడా నేను చూశాను.

ఆ చిత్రంలో ప్రాణాలు తీసుకున్న ఆటగాళ్ల ప్రస్తావన ఉంది, అందుకని చిన్న పిల్లలకు ఒంటరిగా చూడమని వదిలిపెట్టకండి. చూపించే రోజు, మనసు బాగాలేనివారికి సాయం చేసే టెలీ మానస్ ఫోను నంబరు 14416 బోర్డు మీద రాసి ఉంచండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ అది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

జవాబు 5: టవర్ క్లాక్ (అనంతపురం)

జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. మీవన్నీ రెండేసి సార్లు చదివాను. గండికోట గారు, మీరు చెప్పింది నిజం, ఆ రోజు రిమోట్ నొక్కింది పిల్లవాడి కోసం కాదు, జవాబు చెప్పలేని నా కోసమే. మీరు చెప్పినట్టే ‘డీగో మారడోనా’ను ఒంటరిగా మళ్లీ చూశాను. ఆయనకు వ్యాయామ శిక్షకుడిగా ఉన్న సిన్యోరిని అందులో ఒక మాట అంటారు. తెలుగులో చెప్పాలంటే, డీగో వెంట లోకం చివరిదాకా అయినా వెళ్తాను, మారడోనా వెంట ఒక్క అడుగు కూడా వేయను అని. ఇద్దరూ ఒకే మనిషి అన్నది పిల్లలకు ఎలా చెప్పాలో రెండు రాత్రులు ఆలోచించాను.

తిమ్మమ్మ మర్రి గారి మాట కూడా మనసులో పెట్టుకున్నాను కాబట్టి అందరి ముందూ ఆ అబ్బాయిని ఏమీ అడగలేదు. గురువారం సాయంత్రం బంతులకు గాలి కొట్టించడానికి వాడిని వెంటబెట్టుకుని సైకిల్ షాపు దాకా నడిచాను. ఆదివారం నీకు జవాబు చెప్పకపోవడం నా తప్పు అని మొదలుపెట్టాను. నేపుల్స్‌లో పుట్టిన ఆ పిల్లవాడి తప్పేమీ లేదని, వాడు పెరిగి తండ్రి ఆటే ఆడాడని, ఇటలీ తరఫున బీచ్ ఫుట్‌బాల్ ఆడాడని, కోర్టు ఎన్నడో తేల్చి చెప్పినా తండ్రి అతన్ని నా కొడుకని నలుగురిలో చెప్పుకున్నది మాత్రం 2016లోనని చెప్పాను.

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. పంపు కొట్టే చప్పుడు వింటూ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. “అంటే ముప్పై ఏండ్లు సార్” అన్నాడు. అవునన్నాను. “అంతవరకూ వాళ్లమ్మ ఒక్కతే సాకిందా సార్? ఆమె మాట్లాడతాదా ఆ సినిమాలో?” అని అడిగాడు. మాట్లాడుతుంది, ఈసారి ఆపను అని చెప్పాను.

బనియను ఇంకా తిరగేసే తొడుక్కుంటున్నాడు. ఈ ఆదివారం ఆపిన చోటి నుంచి మళ్లీ వేస్తున్నాను. ఆలస్యమైతే పిల్లలకు సంగటి వేడిగా ఉంచమని వంటమనిషికి ముందే చెప్పాను.